పనివాని మనస్సును కదిలించునది ఏది?



నాట్ల కాలమున మన పొలములలో ఒక సంగతిని అందరును చూచుచుందురు. రోజు కూలికి పిలిచినప్పుడు పదిమంది స్త్రీలు సాయంకాలమువరకు వేయు నాటు ఒక విధముగా నుండును. అదే స్త్రీలకు అదే మడిని గుత్తకిచ్చినయెడల ప్రొద్దు వాలకమునుపే పని ముగించి గట్టెక్కుదురు. వారు తమ స్వంత చెక్కలో నాటునప్పుడు చేయు పని ఈ రెంటివలెను ఉండదు. మొక్కకు మొక్కకు ఎడము చూచుకొందురు. సరిగా నాటుకొననిదానిని మరల నాటుదురు. చీకటి పడుచున్నను విసుగుకొనరు. చేతులు అవే, నారు అదే, బురదయు అదే. మరి మారినది ఏది?

ఇది చిన్న ప్రశ్నవలె కనబడును గాని, దీనికి ఉత్తరము వెదకుచు ఇంజనీరులును, మనస్తత్వ శాస్త్రజ్ఞులును నూరు సంవత్సరములకు పైగా పరిశోధనలు చేసిరి. మనలో కొందరు కూలికి వెళ్లువారు, కొందరు కూలికి పిలుచువారు, అనేకులు ఒక ఋతువులో ఒకటియు మరియొక ఋతువులో మరియొకటియు చేయువారు. కావున ఆ పండితులు కనుగొనిన సంగతులు మనకును అక్కరకు వచ్చును. ఈ నెల పాఠములో వాటిని వరుసగా తెలిసికొందము. ఒక్కొక్క సిద్ధాంతమును చదివినప్పుడు, "ఇది మన ఊరిలో నిజమేనా?" అని మిమ్మును మీరు ప్రశ్నించుకొనుడి.

1. కూలి పెంచిన పని పెరుగునా?

అమెరికా దేశమున ఫ్రెడరిక్ టేలరు అను ఇంజనీరు (1856–1915) ఉండెను. పనివాడు ముఖ్యముగా డబ్బు నిమిత్తమే శ్రమపడునని ఆయన తలంచెను. ప్రతి పనికిని మేలైన పద్ధతి ఒకటి కలదనియు, దానిని గడియారముతో కొలిచి కనుగొనవచ్చుననియు, ఆ ప్రకారము చేసినవానికి ఎక్కువ కూలి ఇచ్చినయెడల యజమానునికిని పనివానికిని కూడ లాభము కలుగుననియు ఆయన బోధించెను.

పెన్సిల్వేనియా రాష్ట్రములోని ఒక ఉక్కు కర్మాగారములో 1899వ సంవత్సరమున జరిగిన పనిని ఆయన దృష్టాంతముగా చూపెను. అక్కడ కూలివారు ఒక్కొక్కటి సుమారు 42 కిలోల బరువుగల ఇనుప దిమ్మలను రైలు పెట్టెలలోనికి మోయుచుండిరి. దినమునకు ఒక్కొక్కడు పన్నెండున్నర టన్నులు మోయుచుండెను. ఎప్పుడు ఎత్తవలెనో, ఎప్పుడు కూర్చుండి అలసట తీర్చుకొనవలెనో చెప్పి చేయింపగా, ఒక పనివాడు దినమునకు 47 టన్నులు మోసెననియు, వాని కూలి 1 డాలరు 15 సెంట్లనుండి 1 డాలరు 85 సెంట్లకు పెరిగెననియు టేలరు 1911లో ప్రకటించిన పుస్తకములో వ్రాసెను.

ఈ లెక్కను మీరే కట్టి చూడుడి. పని దాదాపు నాలుగింతలాయెను; కూలి రెండింతలైనను కాలేదు. ఆ కథలో టేలరు కొంత కల్పన చేర్చెనని తరువాతి చరిత్రకారులు కాగితములు వెదకి చూపిరి. ఆ 1911వ సంవత్సరముననే మసాచుసెట్సు రాష్ట్రములోని వాటర్‌టౌను ఆయుధాగారములో, గడియారము చేతబట్టుకొని తమ పనిని కొలుచుట సహింపక అచ్చుపోతవారు పని మాని వెలుపలికి వచ్చిరి. ఆ దేశపు శాసనసభవారు ఈ సంగతిని విచారణ చేయవలసి వచ్చెను.

టేలరు మాటలో సత్యము లేకపోలేదు. కూలి మనుష్యుని కదిలించును. గుత్త పని త్వరగా ముగియుటకు కారణమదియే. మధ్య మధ్య విశ్రాంతి యిచ్చినయెడల పని తగ్గదు, పెరుగును అనునదియు మంచి పాఠమే. అయితే నూనె పోసి త్రిప్పవలసిన యంత్రమువలె మనుష్యుని ఎంచినందున, వాని మనస్సును లెక్కలోనికి తీసికొనలేదు. ఆ లోపము తరువాతి పరిశోధనలలో బయటపడెను.

2. ఒకరు మనలను గమనించుచున్నారు

చికాగో పట్టణము దగ్గర హాథోర్ను అను చోట టెలిఫోను సామానులు చేయు గొప్ప కర్మాగారమొకటి ఉండెను. 1924వ సంవత్సరమున అక్కడ, దీపముల వెలుగు పెంచినయెడల పని పెరుగునా అని పరీక్షింప మొదలుపెట్టిరి. వెలుగు పెంచిరి, పని పెరిగెను. వెలుగు పెంచని గదిలోను పని పెరిగెను. ఒక పరీక్షలో వెలుగును తగ్గించుచు తగ్గించుచు వెన్నెలంత మసకకు తెచ్చినను ఇద్దరు స్త్రీలు తమ పనిని విడువక సాగించిరి. పరీక్షించువారికి ఏమియు తోచలేదు.

1927లో వారు మరియొక పరీక్ష మొదలుపెట్టిరి. చిన్న చిన్న భాగములను కూర్చి టెలిఫోను పరికరములను చేయు ఐదుగురు యువతులను, వారికి సామాను అందించు ఒకతెను వేరు గదిలో కూర్చుండబెట్టిరి. కొన్నాళ్లు మధ్యలో విశ్రాంతి యిచ్చిరి. కొన్నాళ్లు ఫలహారము పెట్టిరి. కొన్నాళ్లు పని గంటలు తగ్గించిరి. పని పెరుగుచు వచ్చెను. తరువాత ఈ వసతులన్నియు తీసివేసిరి. అయినను మొత్తము పని దిగజారలేదు. ఎల్టన్ మేయో అను ఆచార్యుడును ఆయన తోటివారును దీనికిట్లు అర్థము చెప్పిరి: ఆ యువతుల అభిప్రాయమును అడిగిరి, వారిపై గద్దింపు తగ్గెను, తాము లెక్కకు వచ్చినవారమని వారు గ్రహించిరి, ఒకరికొకరు స్నేహితులైరి. పనిని పెంచినది ఇదియే అని వారి అభిప్రాయము.

ఇక్కడ మనము తొందరపడరాదు. ఆ గదిలోని జీతపు పద్ధతియు మారెను. మునుపు పెద్ద విభాగమంతయు కలిసి చేసిన పనిని బట్టి కూలి వచ్చుచుండగా, ఇప్పుడు ఆ కొద్దిమంది చేసినదానిని బట్టియే కూలి వచ్చెను. అంతియేగాక, మాటలు ఎక్కువాడుచు సహకరించుట లేదని ఇద్దరిని తీసివేసి, వారి స్థానములో వేరే ఇద్దరిని పెట్టిరి. కావున పని పెరుగుటకు ఆదరణ యొక్కటియే కారణమని చెప్పుట న్యాయము కాదని తరువాతి విమర్శకులు వ్రాసిరి. డబ్బును ఆదరణయు ఆ గదిలో కలిసియే పనిచేసెనని చెప్పుట మేలు.

3. గుంపు పెట్టు కట్టుబాటు

అదే కర్మాగారములో 1931వ సంవత్సరాంతమున పదునలుగురు పురుషులను మరియొక గదిలో పెట్టి గమనించిరి. ఎక్కువ చేసిన ఎక్కువ డబ్బు వచ్చునని వారికి తెలియును. అయినను దినమునకు ఇంతే చేయవలెనని తమలో తాము ఒక హద్దు పెట్టుకొనిరి. ఆ హద్దు దాటినవానిని ఎగతాళి చేసిరి, భుజము మీద గుద్దిరి. తక్కువ చేసినవానిని కూడ మెచ్చుకొనలేదు. ఎందుకని? నేడు ఎక్కువ చేసినయెడల రేపు యజమానులు రేటు తగ్గించుదురని, లేక తమలో కొందరిని తీసివేయుదురని వారి భయము. అది గొప్ప ఆర్థిక మాంద్యము వచ్చిన కాలము.

మన ఊళ్లలో కలుపు తీయుచోట ఒకతె ముందుకు సాగిపోయినప్పుడు, "కొంచెము నిలువు, అక్కా! రేపు మమ్మునందరిని ఇట్లే చేయుమందురు" అని వెనుకనుండి మాట వినబడును. దొర దానిని సోమరితనమందురు. అది సోమరితనము కాదు, అపనమ్మకము. చెప్పిన రేటు మారదని నమ్మకము కలిగినచోట ఈ హద్దు తనంతట తానే సడలును. నమ్మకము లేనిచోట ఎంత ఎర చూపినను పని పెరగదు.

4. ఆకలియు ఆకలికి పైనున్నదియు

1943లో అబ్రహాము మాస్లో అను అమెరికా శాస్త్రజ్ఞుడు మనుష్యుని అవసరములను గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. మొదటివి అన్నము, నీరు, నిద్రవంటి దేహావసరములు. రెండవది భద్రత. మూడవది ప్రేమయు, నలుగురిలో ఒకరుగా నుండుటయు. నాలుగవది గౌరవము. ఐదవది తనలోనున్న శక్తినంతటిని వికసింపజేసికొనుట. క్రిందిది కొంతవరకు తీరిన తరువాత పైది బలముగా కోరబడుననియు, తీరిన అవసరము ఇక మనుష్యుని అంతగా కదిలింపదనియు ఆయన చెప్పెను.

దీనిని నేడు మెట్ల బొమ్మగా గీయుదురు గాని, మాస్లో తన వ్యాసములో అట్టి బొమ్మ గీయలేదు. ఈ వరుస అందరియందును ఒకటిగా నుండదని ఆయనయే ఒప్పుకొనెను. మనకును అది తెలిసినదే. ఇంట గంజి తక్కువైనప్పుడు తల్లి తాను పస్తుండి బిడ్డకు పెట్టును. కూలివాడు ఆకలితోనున్నను మాట పడి అన్నము తినలేక లేచిపోవును. కడుపు నిండినవానికే మర్యాద కావలెనని తలంచుట తప్పు. మాస్లో నేర్పిన మేలైన సంగతి ఏమనగా, మనుష్యునికి అవసరములు అనేకములు. ఒకదానిని తీర్చి, ఇక అన్నియు తీర్చితిమని యజమానుడు అనుకొనరాదు.

5. అసంతృప్తి పోవుట వేరు, ఉత్సాహము వచ్చుట వేరు

ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గు అను శాస్త్రజ్ఞుడును ఆయన తోటివారును పిట్స్‌బర్గు ప్రాంతములోని సుమారు 200 మంది ఇంజనీరులను, లెక్కలు వ్రాయువారిని కలిసికొని రెండు ప్రశ్నలు వేసిరి. మీ పనిలో మీకు మిక్కిలి సంతోషము కలిగిన సమయమేది? మిక్కిలి విసుగు కలిగిన సమయమేది? 1959లో ఫలితములను ప్రకటించిరి.

విసుగును గూర్చి చెప్పినప్పుడు వారు తరచుగా పై అధికారి ప్రవర్తన, అర్థములేని నియమములు, జీతము, పని స్థలము మొదలగువాటిని గూర్చి మాటలాడిరి. సంతోషమును గూర్చి చెప్పినప్పుడు తాము సాధించిన పని, దానికి దొరికిన గుర్తింపు, పనిలోనే ఉన్న రుచి, తమపై ఉంచిన బాధ్యత అనువాటిని గూర్చి చెప్పిరి. కావున మొదటివి సరిచేసినయెడల సణుగుడు పోవును గాని ఉత్సాహము రాదనియు, ఉత్సాహము రెండవవాటివలననే వచ్చుననియు హెర్జ్‌బర్గు తేల్చెను.

దీనిపైనను విమర్శ వచ్చెను. మంచి జరిగినప్పుడు తన గొప్ప అనియు, చెడు జరిగినప్పుడు ఇతరుల తప్పు అనియు చెప్పుట మనుష్య స్వభావము. అదియునుగాక, ఆయన అడిగినది నెల జీతగాండ్రను. నేటి కూలితో రేపటి బియ్యము కొనువారిని కాదు. కూలి చాలని ఇంట డబ్బు ఉత్సాహమివ్వదని చెప్పుట, ఆకలి తెలియని మాట.

6. న్యాయము

మత్తయి సువార్త 20వ అధ్యాయములోని ద్రాక్షతోట పనివారి ఉపమానము మీకు తెలిసినదే. తెల్లవారినప్పుడు వచ్చినవారికి ఒప్పుకొనిన కూలి ఒక్క కాసైనను తగ్గలేదు. అయినను సాయంకాలము వచ్చినవారికి అంతే యిచ్చుట చూచి సణిగిరి. ఆ ఉపమానము దేవుని కృపను గూర్చినదే గాని కూలి లెక్క నేర్పునది కాదు. అయితే అక్కడ సణిగినవారి మనస్సు నేటి పనివాని మనస్సే.

1963లో స్టేసీ ఆడమ్సు అను శాస్త్రజ్ఞుడు ఈ మనస్సును గూర్చి ఒక సిద్ధాంతము వ్రాసెను. పనివాడు తనకు వచ్చినదానిని మాత్రమే చూడడు. తాను పెట్టిన శ్రమను తనకు వచ్చిన ఫలమును ఒక ప్రక్కను, తోటివాడు పెట్టినదానిని వానికి వచ్చినదానిని మరియొక ప్రక్కను పెట్టి తూచును. తక్కెడ వంగినయెడల శ్రమ తగ్గించును, లేక ఎక్కువ అడుగును, లేక పని విడిచిపోవును.

ఈ తక్కెడ మన పొలములలో ఎట్లున్నది? ఒకే పనిని స్త్రీ చేసినను పురుషుడు చేసినను సమాన వేతనమియ్యవలెనని మన దేశమున 1976లోనే చట్టము చేయబడెను. అయినను అనేక స్థలములలో స్త్రీ చేతిలో పడు కూలి తక్కువే. ఆమె నోరు తెరచి అడుగకపోవచ్చును. లెక్క మాత్రము ఆమె మనస్సులో ఉన్నది.

7. బహుమానము చెరుపు చేయునా?

1973లో అమెరికాలోని ముగ్గురు పరిశోధకులు బొమ్మలు గీయుటయందు ఇష్టముగల చిన్నపిల్లలను మూడు గుంపులు చేసిరి. మొదటి గుంపునకు "బొమ్మ గీసినయెడల బహుమానమిచ్చెదము" అని ముందే చెప్పి ఇచ్చిరి. రెండవ గుంపునకు చెప్పకుండ, గీసిన తరువాత ఇచ్చిరి. మూడవ గుంపునకు ఏమియు ఇవ్వలేదు. కొన్ని దినములైన తరువాత రంగు కలములను బల్లమీద ఉంచి, పిల్లలను స్వేచ్ఛగా విడిచి చూచిరి. బహుమానము కొరకు గీసిన పిల్లలు తక్కినవారు గీసిన సమయములో సుమారు సగము మాత్రమే గీసిరి. ఆట వారికి కూలియైపోయెను.

ఎడ్వర్డు డెసీ, రిచర్డు రయన్ అను శాస్త్రజ్ఞులు ఇట్టి పరీక్షలను ముందుకు సాగించి, మనుష్యుని లోపలినుండి పనిచేయించునవి మూడు అని చెప్పిరి: తన ఇష్టముతో చేయుచున్నానను భావము, ఈ పని నాకు చేతనగునను ధైర్యము, నావారితో కలిసియున్నానను తృప్తి. స్వంత చెక్కలో నాటు వేయు స్త్రీని తలంచుకొనుడి. ఈ మూడును ఆమెకు కలవు, పంటయు ఆమెదే.

దీనినిబట్టి బహుమానములు ఇవ్వనేరాదని కాదు. చెప్పకుండ ఇచ్చినది పిల్లల ఇష్టమును చెరుపలేదు గదా. పిల్లవాడు ఇష్టముగా చదువుచున్నప్పుడు ప్రతి పుటకు ఒక మిఠాయి వాగ్దానము చేయుట మాత్రము తెలివిగల పని కాదు.

8. అహమ్మదాబాదులో జరిగినది

ఇవన్నియు పరదేశపు సంగతులే అనుకొనవద్దు. 1953లో లండనునుండి ఏ. కె. రైసు అను పరిశోధకుడు అహమ్మదాబాదులోని కాలికో మిల్లుకు వచ్చెను. అక్కడ స్వయంగా నడచు క్రొత్త మగ్గములను తెచ్చి పెట్టినను ఆశించిన ఫలితము రాలేదు. ఎందుకనగా పనిని ముక్కలు ముక్కలుగా చీల్చియుండిరి. దారము తెగినప్పుడు ముడివేయువాడొకడు, నూనె పోయువాడొకడు, బట్ట దించువాడొకడు. ఏ మగ్గమును ఏ మనుష్యునిది కాదు. బట్ట చెడినప్పుడు తప్పు ఎవరిదో తెలియదు.

కొన్ని మగ్గములను ఒక చిన్న జట్టుకు అప్పగించి, వాటి పని అంతయు వారే చూచుకొనునట్లు చేసిన బాగుండునని రైసు సూచించెను. పనివారు ఆ మాటను సంతోషముగా అందుకొని, తమ జట్టులను తామే ఏర్పరచుకొనిరి. తరువాత నేత పెరిగెను, చెడిపోవు బట్ట తగ్గెను. ఈ సంగతిని ఆయన 1958లో పుస్తకముగా ప్రకటించెను. "ఇది మా మగ్గము" అని చెప్పగల స్థితి వచ్చినప్పుడు మనుష్యుని చేయి మారెను.

9. మనము నేర్చుకొనవలసినది

ఈ సిద్ధాంతములన్నిటిలోను సత్యమున్నది. ఏ ఒక్కటియు పూర్ణ సత్యము కాదు. వాటిని కలిపి చూచినయెడల ఒక సంగతి తేటపడును. కూలి మనుష్యుని పొలమునకు తెచ్చును. నమ్మకము, న్యాయము, గౌరవము, పనిపై అధికారము వాని మనస్సును కూడ తెచ్చును. అయితే ఒకదాని అప్పును మరియొకదానితో తీర్చలేము.

ఇది మిక్కిలి ముఖ్యము. కొందరు మంచి మాటతో కూలిని ఎగవేయ చూతురు: "నీవు మా ఇంటివాడవే, నీకు లెక్కలెందుకు?" అని నెలలు గడుపుదురు. గుడి ఊడ్చు స్త్రీకి "ఇది సేవ గదా" అని చెప్పి చాలీచాలని మొత్తము చేతిలో పెట్టు సంఘములును కలవు. సేవ అనుకొనుట ఆమె ఇష్టము. అట్లని ఆమె కూలిని తగ్గించు హక్కు మనకు లేదు. మరికొందరు కూలి సరిగా ఇచ్చి, నోటితో ఆ మేలును చెరుపుకొందురు. పిలుపులో మర్యాద ఉండదు. నీళ్లు త్రాగుటకు నిలిచినను కేక వేయుదురు. మొదటివారు కడుపు కొట్టుచున్నారు. రెండవవారు మనస్సును కొట్టుచున్నారు.

డగ్లస్ మెక్‌గ్రెగరు అను ఆచార్యుడు 1960లో చెప్పినట్లు, పనివారు స్వభావముచేత సోమరులని తలంచు యజమానుడు గట్టి కాపలా పెట్టును. కాపలా క్రింద నున్నవారు కాపలా ఉన్నంతసేపే పనిచేయుదురు. అది చూచి యజమానుడు తన తలంపు నిజమేననుకొనును. ఈ గానుగ చుట్టును త్రిప్పుచున్నవాడు తానేనని అతనికి తెలియదు.

కూలికి పిలుచువారలారా, కూలి ముందే తేటగా చెప్పి, చెప్పినంత చెప్పిన దినముననే ఇయ్యుడి. ఒకే పనికి స్త్రీకిని పురుషునికిని ఒకే కూలి ఇయ్యుడి. పనివారిని పేరుపెట్టి, తగిన వరుసతో పిలువుడి. ఏ మడి ముందు, ఏది వెనుక అని వారి ఆలోచన అడుగుడి. నాటు సంగతి నాటువారికే ఎక్కువ తెలియును. బాగుగా చేసినదానిని చూచి, చూచితిమని చెప్పుడి.

కూలికి వెళ్లువారలారా, న్యాయమైన కూలి అడుగుటకు సిగ్గుపడకుడి. మీతో పనిచేయు ముసలిదానిని, నీరసముగా నున్నదానిని మీ జట్టులో మోయుడి. మీ చేతిపని మంచిదైనప్పుడు దానిని చూచి మీరే సంతోషించుడి. ఆ సంతోషమును మేస్త్రీ ఇవ్వలేడు, తీసివేయనులేడు.

కూడికలో చర్చించుటకు ప్రశ్నలు

1. రోజు కూలి, గుత్త, స్వంత పని: ఈ మూటిలో పని తీరు ఎందుకు మారును? మీ అనుభవమునుండి చెప్పుడి.

2. మన ఊరిలో నాటుకు, కలుపునకు, కోతకు స్త్రీ పురుషుల కూలి ఎంతెంత? భేదమున్నయెడల దానికి చెప్పు కారణము న్యాయమైనదేనా?

3. మన సంఘములో జీతము తీసికొని పనిచేయువారు ఎవరెవరు? వారికి చివరిసారి కూలి పెంచినది ఎప్పుడు? వారి ఆలోచన అడిగినది ఎప్పుడు?

4. మన పిల్లలకు చదువుపై సహజముగా నున్న ఇష్టమును మన బహుమానములు పెంచుచున్నవా, తగ్గించుచున్నవా?

మూడవ ప్రశ్నకు ఉత్తరము చెప్పుటకు సంఘపు లెక్కల పుస్తకమును తెచ్చుకొనుడి. ఉత్తరము అందులో ఉన్నది.